జులై 10 ‘ఆయిల్ పండగ’: ఇది కల్చరా, ఒట్టి వ్యాపారమా?

డెన్వర్_శీను:
మా టీంలో ఒక అమెరికన్ కుర్రాడు జులై 10న ఇంటికి పార్టీకి రమ్మన్నాడు. ఏంటి విశేషం అంటే, అమెరికా వాళ్లు నెల ముందు, తేదీ తర్వాత రాస్తారు కదా, అలా కాగితం మీద 710 అని రాసి తలకిందులుగా తిప్పి చూపించాడు, ఇంగ్లిష్‌లో ‘ఆయిల్’ అని కనబడింది. మామూలు గంజాయికి ఏప్రిల్ 20 ఉన్నట్టే, దాన్నుంచి తీసిన చిక్కటి సరుక్కి, అంటే షాటర్, వ్యాక్స్, రోజిన్ ఇలాంటివాటికి, ఇది పండగ రోజట. ఏప్రిల్ 20కైనా ఒక కథుంది, 1971లో కాలిఫోర్నియాలో శాన్ రఫాయెల్ స్కూలు పిల్లలు సాయంత్రం 4:20కి కలుసుకునేవాళ్లని. దీనికి అలాంటి కథేదీ నేను వినలేదు, అంకెల గారడీ తప్ప. షాపుల ముందు మాత్రం డిస్కౌంట్ బోర్డులు. కొలరాడోలో 2014 నుంచి ఇవి బాహాటంగానే అమ్ముతున్నారు, అది తప్పా ఒప్పా అని నేను అడగట్లేదు. పువ్వులో ఇరవై శాతం చుట్టుపక్కల ఉండే టీహెచ్‌సీ, అంటే మత్తెక్కించే పదార్థం, వీటిలో 70, 80 దాకా ఉంటుంది కదా, అలాంటిదానికి పండగేంటి అని నా డౌటు.

రోజిన్_రాజు:
అన్నా, దీపావళికి టీవీల మీద ఆఫర్లు పెడతారు, అందుకని దీపావళి టీవీల పండగ అయిపోద్దా? నేను కాలిఫోర్నియాలో ఒకాయన దగ్గర రోజిన్ తీయడం చూశాను. ఐసు నీళ్లలో మొక్కను నెమ్మదిగా కలియబెట్టి సన్న జల్లెడ సంచుల్లోంచి వడకడితే అడుగున తడి ఇసుకలాంటిది మిగిలింది. దాన్ని రోజుల తరబడి ఆరబెట్టాడు. తర్వాత రెండు వేడి పలకల మధ్య పెట్టి నొక్కితే కాగితం అంచున లేత పసుపు తేనె చెమట పట్టినట్టు ఊరింది, గదంతా నారింజ తొక్క గిల్లినంత వాసన. ఏ గ్యాసూ లేదు, రసాయనమూ లేదు. హిమాచల్‌లో మలానా వాళ్లు అరచేతుల్లో నలిపి చరస్ తీయడం ఎప్పటినుంచో ఉన్నదే, ఇదీ ఆ కుదురుదే. పైగా దీన్ని పీల్చే రిగ్గులు చేసే గాజు కళాకారులున్నారు, 2003లో ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వం) వాళ్లు గాజు గొట్టాలు అమ్మినందుకే నటుడు టామీ చాంగ్‌కి తొమ్మిది నెలల జైలు వేయించారు. అంత దెబ్బ తిని నిలబడినవాళ్లు ఏడాదికో రోజు కలుసుకుంటే మనకేంటి నొప్పి?

నైట్‌షిఫ్ట్_అక్క:
రాజూ, నువ్వు చెప్పేది రోజిన్ గురించి, అది ఖరీదైన సరుకు. చవగ్గా కావాలనుకున్నవాళ్లు బ్యూటేన్ గ్యాసుతో తీసినది కొంటారు. లైసెన్సున్న ల్యాబులో అయితే సరే, ఇంట్లో, గరాజ్‌లో చేస్తే ఏమవుతుందో నేను చూశాను. మా ఆస్పత్రికి ఒక కుర్రాడిని తీసుకొచ్చారు, రెండు చేతులూ మోచేతుల దాకా కాలి తోలు గ్లవ్‌లా ఊడొస్తోంది, వాడు మాత్రం "పైలట్ లైట్ (స్టవ్‌లో ఎప్పుడూ వెలిగే చిన్న మంట) ఆర్పాననుకున్నా" అని అదే మాట మళ్లీ మళ్లీ అంటున్నాడు. కొలరాడో 2015లో ఇళ్లల్లో మండే గ్యాసులతో తీయడాన్ని నిషేధించింది ఊరికే కాదు. 2019లో వేప్ పెన్నుల (ఆయిల్‌ని వేడిచేసి పీల్చే ఎలక్ట్రానిక్ గొట్టాలు) జబ్బు వచ్చింది గుర్తుందా, దొంగ సరుకులో విటమిన్ ఇ ఆసిటేట్ కలిపారు, దేశం మొత్తమ్మీద 68 మంది పోయారు. ఇవన్నీ పక్కన పెట్టినా, రోజూ ఇదే పీల్చి ఆగని వాంతులతో వచ్చేవాళ్లని చూస్తుంటాను, వేణ్ణీళ్ల కింద నిలబడితే తప్ప తగ్గదంటారు, దీనివల్లే అంటే మాత్రం నమ్మరు.

రోజిన్_రాజు:
అక్కా, దొంగ సరుకు గొడవను పండగ మీద రుద్దకండి. శాతం వేరు, డోసు వేరు. పువ్వు అయితే చుట్ట చుట్టి కాలుస్తారు, ఇది బియ్యపు గింజంత.

నైట్‌షిఫ్ట్_అక్క:
మొదటి నెల బియ్యపు గింజ. ఆర్నెల్లకి శనగ గింజ. ఆ లెక్క కూడా చెప్పు.

నెల్లూరు_మాస్టారు:
నాయనా, నాకు మీ రిగ్గులూ రోజిన్లూ తెలియవు కానీ కల్లూ సారా తెలుసు. ఈత కల్లు ముంత ఎత్తేసినవాడు తూలుకుంటూ ఇంటికొచ్చేవాడు, సారా ప్యాకెట్ పట్టినవాడు పెళ్లాం పుస్తె తీసుకుని మళ్లీ కొట్టుకే పోయేవాడు. మా జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు 1992లో తిరగబడింది ఆ ప్యాకెట్ మీదే, మరుసటేడు సారా నిషేధం వచ్చింది. మత్తు కొత్తది కాదు, చిక్కబడే కొద్దీ దాని గుణం మారుతుంది. వెర్మాంట్ రాష్ట్రంలో గట్టి సరుకులో టీహెచ్‌సీ 60 శాతం దాటకూడదని పరిమితి పెట్టారని మా అబ్బాయి చెప్పాడు, నాకది తెలివైన పనే అనిపించింది. గాజు పని మాత్రం గొప్పదే, కాదనను.

ఆరెంజ్_కార్డ్:
ఇక్కడెవరూ అసలు సంగతి ఎత్తట్లేదు. రాష్ట్రం ఒప్పుకున్నా ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. హెచ్‌1బీ, గ్రీన్‌కార్డ్ వాళ్లు కేసు లేకపోయినా, ఎయిర్‌పోర్టులో "అవును, వాడాను" అన్నా చాలు, తలనొప్పి మొదలవుతుంది. ఫోన్లో రిగ్గు పట్టుకున్న ఫోటోలు ఉంచుకోకండి. ఇంకోటి, సెలవులకి ఇంటికెళ్లేటప్పుడు ఆ వేప్ పెన్ను బ్యాగులో మర్చిపోయారో, మన ఎన్‌డీపీఎస్ చట్టంలో (మత్తుమందుల చట్టం) హాష్ ఆయిల్‌ని చరస్ కిందే లెక్కేస్తారు. గంజాయికి 20 కిలోలు దాటితే కమర్షియల్, అంటే పెద్ద శిక్ష పడే పరిమాణం, దీనికి కిలో దాటితే చాలు. భాంగ్ ఆకుకిచ్చిన వెసులుబాటు దీనికి లేదు. అక్కడ ఇరవై ఒక్క ఏళ్లు నిండినవాడికి పండగ, ఇక్కడ విశాఖ ఏజెన్సీ నుంచి చిన్న డబ్బా మోసుకొచ్చిన కుర్రాడికి జైలు. ఈ తేడా తలుచుకుంటే నాకు ఆ పార్టీ మీద మనసు పోదు.

రోజిన్_రాజు:
వీసా విషయంలో మీరన్నది నిజం, నేను సిటిజన్‌ని కాబట్టి అటు ఆలోచించలేదు. 2021లో కొలరాడో చట్టం మార్చి మెడికల్ కార్డు (వైద్యం కోసం కొనే అనుమతి) వాళ్లకి ఈ చిక్కటి సరుకు రోజుకి 40 గ్రాములున్నదాన్ని 8కి, 18 నుంచి 20 ఏళ్ల వాళ్లకి 2కి దించినప్పుడు కూడా నేను గొణుక్కున్నాను, కానీ 18 ఏళ్ల వాడికి 40 గ్రాములెందుకు అంటే జవాబు లేదు. పండగ మాత్రం మానమనకండి.

డెన్వర్_శీను:
సరే, వెళ్తాను, పీల్చను. పులిహోర పట్టుకెళ్తా.

నైట్‌షిఫ్ట్_అక్క:
వెళ్లు తమ్ముడూ. వాళ్లింట్లో చిన్నపిల్లలున్నారా? ఆ డబ్బాలు చూడ్డానికి లిప్ బామ్ డబ్బాల్లా ఉంటాయి.

డెన్వర్_శీను:
మూడేళ్ల పాప ఉంది అక్కా. ఇప్పుడే వాడికి మెసేజ్ పెట్టాను, కాఫీ టేబుల్ మీదుంటాయట, తాళం పెట్టె కొంటానన్నాడు.