అప్‌డేట్: మాల్టా వెళ్లొచ్చాం, కారు అవసరం పడలేదు

అమ్మానాన్నలతో మాల్టా రాజధాని వాలెట్టాలో దిగి, కారు లేకుండా పాత ఊళ్లు బిర్గు, మ్దీనా చూడొచ్చా అని అడిగాను కదా. హాయిగా చూడొచ్చు. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

వాలెట్టాలో చాలా వీధులు మెట్లే, నాన్న మోకాళ్ల గురించే నా టెన్షన్. అదృష్టం, అప్పర్ బరాక్కా తోట నుంచి కింద రేవుకు లిఫ్ట్ ఉంది, అక్కడినుంచి అవతలి ఒడ్డున బిర్గు వైపుకు ఫెర్రీ. 1565లో ఒట్టోమన్ సైన్యం మాల్టాను ముట్టడించినప్పుడు, అప్పట్లో దీవిని ఏలిన సెయింట్ జాన్ నైట్స్ (క్రైస్తవ యోధుల సంఘం) దళాల కేంద్రం బిర్గే. వాలెట్టా కట్టడం మొదలైంది ఆ మరుసటి ఏడే. మధ్యాహ్నం 12కి తోట కింద ఫిరంగి పేలుస్తారు. ముందే చెప్పినా అమ్మ ఉలిక్కిపడింది!

వాలెట్టాలోని పెద్ద చర్చి సెయింట్ జాన్స్ కో-కెథెడ్రల్ మాత్రం వదలకండి. ఇటలీ చిత్రకారుడు కారవాజియో 1608లో గీసిన బాప్తిస్మమిచ్చే యోహాను శిరచ్ఛేదం బొమ్మ గోడంత ఉంటుంది. మెడ నుంచి కారిన నెత్తురులోనే చిత్రకారుడి సంతకం, వెతికి చూడాలి.

పాత రాజధాని మ్దీనాకు బస్సులో వెళ్లాం. కిటకిటలాడింది, అదొక్కటే చిరాకు. కోట లోపలికి బయటి కార్లను రానివ్వరు కాబట్టి ప్రశాంతంగా తిరగొచ్చు. పక్కనే రబత్‌లో వేడివేడి పస్తిజ్జీ (పొరలుపొరలుగా ఉండే పఫ్ లాంటిది) తినండి. బఠాణీది బాగుంది. శాకాహారులైతే పిండిలో పంది కొవ్వు కలిపారేమో అడిగి తీసుకోండి.