అప్‌డేట్: 12 మందికి స్లో కుక్కర్‌లో నెల్లూరు చేపల పులుసు

మా ఇంట్లో మటన్ తినరు, స్లో కుక్కర్‌లో (సన్నటి వేడి మీద గంటల తరబడి ఉడికించే కరెంటు కుక్కర్) చేపల పులుసేమో పలచనవుతోంది, ముక్క విరుగుతోంది, ఏం చేయాలి అని ఇంతకుముందు అడిగాను. ఇప్పుడు కుదిరింది. తేడా అంతా నీళ్లలోనే ఉంది. మూత కింద ఆవిరి బయటికి పోదు, కాబట్టి పొయ్యి మీద పోసేదాంట్లో మూడో వంతు తగ్గించాలి. 6.5 లీటర్ల కుక్కర్లో 2 కిలోల కొరమేనుకి 120 గ్రాముల చింతపండు, లీటరు నీళ్లు చాలు. ఉల్లిపాయలు, టమాటాలు, కారం ముందే బాండీలో నూనె తేలేదాకా వేయించాలి. కుక్కర్లో అవి వేగవు, పచ్చివాసన ఉండిపోతుంది. పులుసొక్కటే కుక్కర్‌లో హై (ఎక్కువ వేడి) మీద పెట్టి 3 గంటలు. ఆ తర్వాతే చేప, మామిడికాయ ముక్కలు వేసి ఇంకో 40 నిమిషాలు. గరిటె అస్సలు పెట్టొద్దు. మాటిమాటికీ మూత తీస్తే వేడి దిగిపోయి ముక్క సరిగా ఉడకదు. మెంతిపొడి చివర్లో చిటికెడు. మధ్యలో కరెంటు పోతే ఆగకుండా పొయ్యి మీదకి మార్చేయండి, గోరువెచ్చగా వదిలేస్తే చేప పాడవుతుంది.