సమస్య: తిట్టె నెటికెట్టు తెలిసిన దిట్ట నన్ను

నిర్వాహకుడు: ఇచ్చిన పాదం చివర వచ్చేలా పద్యం పూరించాలి. ఈసారిది తేటగీతి అనే ఛందస్సులో ఉన్న పాదం. ఎటికెట్టు ఇంగ్లీషు మాటే అయినా మన నోళ్లలో ఎప్పుడో నలిగిపోయింది. పద్ధతులన్నీ తెలిసిన మనిషే తిట్టాడట, అదెలా? తిక్కన తిరిగిన నెల్లూరి వాళ్లం, ఆ మాత్రం తేల్చలేమా!

కావలి మిత్రుడు:
బంతి నందరు తినుచుండఁ బైకి లేచి
చేయి కడిగితి నొక్కఁడఁ జెప్పకుండ
పెండ్లి విందని చూడక పెద్దమామ
తిట్టె నెటికెట్టు తెలిసిన దిట్ట నన్ను

పొదిలి మేష్టారు: నడక బాగుంది, యతులు (పాదం మొదటి అక్షరానికి మధ్యలో పడాల్సిన జోడీ అక్షరాలు) కుదిరాయి. కానీ చిక్కు విడిందా? పదిమందిలో అరిచిన మామకు ఎటికెట్టు తెలుసని ఎలా అంటారు?

కావలి మిత్రుడు: తెలుసు సార్. ఎటికెట్టు అంటే ఏ సందర్భంలో ఎలా నడుచుకోవాలన్న కట్టుబాటు. బంతిలో అందరితోపాటే లేవాలని ఆయనకు తెలుసు. ఎదుటివాణ్ణి నొప్పించకుండా మాట్లాడడం మానర్స్. ఆయనకు లేనిది అదే.

పొదిలి మేష్టారు: ఆ ముక్క పద్యంలో ఉండాలి, వివరణలో కాదు. అన్నట్టు మానర్స్ ఎప్పుడూ బహువచనమే. ఎటికెట్టుకు మాత్రం మామూలుగా బహువచనం వాడరు. 'వాడికి ఎటికెట్స్ లేవు' అని మనవాళ్లు అంటుంటే చెవిలో జోరీగ దూరినట్టుంటుంది.

ఒంగోలు రైల్వే విశ్రాంత ఉద్యోగి:
ఏసి బోగీని నెక్కితి హాయిగాను
నాది జనరలు చీటియే నమ్ముఁడయ్య
గూడురే గద యనుకొంటిఁ గోటువాఁడు
తిట్టెనె! టికెట్టు తెలిసిన దిట్ట నన్ను

పొదిలి మేష్టారు: ఎటికెట్టులోంచి టికెట్టును భలే విరిచారండీ! 'ఏ'కి 'హా'తో యతి చెల్లదు. 'నెక్కితి నెండ మండ' అనండి, సరిపోతుంది. మన ఎండకు వేరే సాక్ష్యం అక్కర్లేదు. గణం (పాదంలో అక్షరాల లెక్క) కోసం గూడూరిని గూడురు చేయడం నాకు నచ్చలేదు గానీ వదిలేస్తున్నా.

ఈ విరుపు ఉత్త చమత్కారం కూడా కాదు. ఫ్రెంచిలో ఎటికెట్ అంటే చీటీ, సీసాకు అంటించే లేబుల్. టికెట్టు కూడా ఆ పాత ఫ్రెంచి మాట నుంచి పుట్టిందే. ఇంగ్లీషులోకి టికెట్టు ముందు వచ్చింది, మర్యాద అర్థంతో ఎటికెట్టు 18వ శతాబ్దంలో చేరింది. మీరు విడదీసినవి అక్కాచెల్లెళ్లన్నమాట.

కోవూరు అక్క:
చేపపులుసింకఁ జాలన్నఁ జెంతఁ జేరి
మొగము చిట్లించి యింకొక ముద్ద పెట్టి
అల్లు నాఁకలి నెఱిఁగిన యత్తగారు
తిట్టె నెటికెట్టు తెలిసిన దిట్ట నన్ను

పొదిలి మేష్టారు: ఇదమ్మా పూరణంటే! ఇక్కడ తిట్టడమే మర్యాద. పాదం మీద ఒక్క అక్షరం బరువు పడలేదు. 'మొగము చిట్లించి' దగ్గర ఆవిడ ఎదురుగా నిలబడ్డట్టే ఉంది.

కావలి మిత్రుడు: బాగుంది గానీ అక్కా, అత్తగారు అల్లుణ్ణి తిట్టడమా? మా ఇళ్లలో ఆవిడ తలుపు చాటు నుంచే మాట్లాడుతుంది.

కోవూరు అక్క: పాత అల్లుడు లే తమ్ముడూ.