నది డాబా, నీటి బల్ల, అధిక భారం: ఈ తెలుగు ఎవరికైనా అర్థమవుతుందా?

ప్రశ్న, శ్రీకాకుళం జిల్లా నుంచి:
మా ఊరి పక్కన వంశధార ఒడ్డున గ్రావెల్ తవ్వుకుంటామని ఎవరో దరఖాస్తు పెట్టారు. ప్రజాభిప్రాయ సేకరణ ఉందని పర్యావరణ నివేదిక సారాంశం తెలుగులో పంచారు. తెలుగు అక్షరాలే గానీ నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. మచ్చుకి ఉన్నదున్నట్టు పెడుతున్నాను: "ప్రతిపాదిత స్థలం పాత నది డాబాపై కలదు. అధిక భారం తొలగించిన పిదప గ్రావెల్ తీయబడును. తవ్వకం నీటి బల్లకు పైననే ఆపబడును." ఏటికి డాబా ఎవరు కట్టారండీ? మా నాన్న విని, "ఆ బల్లేదో ఏట్లో ఎక్కడేశారో చూపించమను" అన్నారు. మనుషులు మాట్లాడుకునే తెలుగులో ఎవరైనా చెప్పండి.

పాలకొండ మాస్టారు:
అమ్మా, మీ నాన్నగారు సరిగ్గా అడిగారు. ఇంగ్లీషులో టెర్రస్ అని ఉంటుంది, ఇంటి పైది అనుకుని డాబా చేసేశారు. ఏరు ఒకప్పుడు ఇప్పటికంటే ఎత్తులో పారింది. అప్పుడు గులక, ఇసుక పరిచింది. తర్వాత తన అడుగును తానే కోసుకుంటూ కిందికి దిగింది. పాత అడుగు ఒడ్డున మెట్టులా మిగిలిపోయింది. నదీ వేదిక అని రాయొచ్చు, రైతుకి మాత్రం అది మెరక. మామూలు వరద అక్కడికి ఎక్కదు కాబట్టి ఊళ్ళూ తోటలూ అలాంటి చోటే పెట్టుకుంటారు.

అధిక భారం అంటే ఇంగ్లీషులో ఓవర్‌బర్డెన్, గులక మీద పరుచుకున్న పైమట్టి. ఏరు తెచ్చిన ఒండ్రు. గని వాళ్ళ లెక్కలో అది తీసి పారెయ్యాల్సిన బరువు. రైతు లెక్కలో పంట పండేది అందులోనే! పైమట్టి అని రాసుంటే వినేవాళ్ళకి గుండె కలుక్కుమనేది. భారం అంటే పోతే పోయిందిలే అనిపిస్తుంది.

నీటి బల్ల సంగతి ఇంకా ముఖ్యం. వాటర్ టేబుల్‌ని మాటకి మాట దింపేశారు. బావి తవ్వితే నీళ్ళు నిలిచే మట్టం అది. ఊట మట్టం అంటే చాలు. పేరుకి బల్లే గానీ కదలకుండా ఉండదు. మే నెలలో కిందికి దిగుతుంది, వానలు పడ్డాక పైకి వస్తుంది. కాబట్టి "ఊట మట్టానికి పైనే ఆపుతాం" అన్నవాళ్ళని, ఏ నెలలో కొలిచిన మట్టం అని అడగాలి. ఎండాకాలంలో కొలిస్తే వాళ్ళకి ఎక్కువ లోతు దొరుకుతుంది, ఆ గోతిలో వానాకాలం నీళ్ళు నిలుస్తాయి.

విజయనగరం నుంచి:
మాస్టారూ, అసలు గ్రావెల్ని వదిలేశారు. మా వైపు గ్రావెల్ అంటే కొండ తవ్వి టిప్పర్లలో తెచ్చే ఎర్రమట్టి. లేఅవుట్లు మెరక చెయ్యడానికి పోసేది. అది ఏటి ఒడ్డున ఎలా ఉంటుంది?

పాలకొండ మాస్టారు:
బాగా పట్టుకున్నావు బాబూ. తిరకాసంతా అక్కడే. మన కొండల్లో ఎక్కువ భాగం ఖోండలైట్ అనే రాయి. తూర్పు కనుమల్లోని కోందు గిరిజనుల పేరు మీదుగానే శాస్త్రవేత్తలు ఆ పేరు పెట్టారు. ఆ రాయి ఎండకీ వానకీ ముక్కిపోయి ఎర్రగా, బంకమట్టీ రాతిముక్కలూ కలిసిన ముద్దగా మారుతుంది. పేపర్లలో రాసే గ్రావెల్ ఇదే. ఇది ఎక్కడికీ ప్రయాణం చెయ్యలేదు, ఉన్నచోటే కుళ్ళింది.

ఏటి గులక వేరు. వంశధార, నాగావళి రెండూ ఒడిశా కొండల్లో పుడతాయి. నాగావళి దాదాపు 256 కిలోమీటర్ల పొడవుంటే అందులో ఎక్కువ భాగం అక్కడే. ఆ దారంతా దొర్లి మెత్తరాయి పొడైపోతుంది, పలుగురాయిలాంటి గట్టివి మూలలు అరిగి గుండ్రంగా మిగులుతాయి. భూగర్భ శాస్త్రంలో 2 మిల్లీమీటర్ల దాకా ఇసుక, అది దాటితే గులక. రాళ్ళ మధ్య సందులుంటాయి, ఆ సందుల్లో నీళ్ళుంటాయి. కొండ గ్రావెల్లో బంకమట్టి ఆ సందుల్ని చాలావరకు మూసేస్తుంది. రెండింటికీ ఒకే పేరు పెట్టి మాట్లాడితే ఇసుక తక్కెడ, పేడ తక్కెడ వ్యవహారం అవుతుంది.

నెల్లిమర్ల నుంచి:
సందుల్లో నీళ్ళు అన్నది నిజం. మా దగ్గర చంపావతి ఏటి ఇసుకలో వేసిన ఊటబావుల నుంచి కూడా విజయనగరం టౌనుకి తాగునీరు వెళ్తుంది. పైన ఏరు ఎండినట్టు కనిపించినా కింద ఊట ఆడుతూనే ఉంటుంది.

ఇంకొకరు:
ఇంత గొడవెందుకు, కంకర అంటే సరిపోదా?

పాలకొండ మాస్టారు:
సరిపోదు. ఈ రోజుల్లో కంకర అనగానే క్రషర్‌లో కొట్టిన, మూలలు పదునుగా ఉన్న రాయి గుర్తొస్తుంది. భూగర్భ శాస్త్రం వాళ్ళకి కంకర్ అంటే మట్టిలో కట్టిన సున్నపు గడ్డలు. మూడోది కలిపినట్టవుతుంది. గరుసు అనే మంచి మాట ఉంది గానీ అది రాళ్ళు కలిసిన నేలకి నప్పుతుంది. ఏటిదాన్ని గులక అనడమే మేలు.

నెల్లిమర్ల నుంచి:
మేట అనొచ్చు కదండీ? 2018లో తిత్లీ తుపాను తర్వాత వంశధార వరదకి పొలాల్లో ఇసుక మేట వేసింది అనే అందరూ అన్నారు.

పాలకొండ మాస్టారు:
ఏరు ఈమధ్య తెచ్చి వేసింది మేట. అడుగున వేల ఏళ్ళుగా ఉన్న పొరకి ఆ మాట వాడితే, వచ్చే వరదకి మళ్ళీ వచ్చేస్తుందిలే అనుకుంటారు. మెరకలోని గులక అలా తిరిగి రాదు. ఏరు ఇప్పుడు ఆ ఎత్తుకి పారడం లేదు కదా.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు మాస్టారూ. నేనిలా తిరగరాశాను: "తవ్వాలనుకుంటున్న చోటు వంశధార పాత మెరక. ముందు పైమట్టి తీసి, దాని కింది గులక తవ్వుతారు. ఊట తగలకముందే ఆపుతారు." ఇది చదివితే నాన్నకి వెంటనే అర్థమైంది. మీటింగులో ఎవరికి కోపమొస్తుందోనని కాస్త టెన్షన్‌గా ఉంది.

పాలకొండ మాస్టారు:
కోపమెందుకమ్మా? సారాంశం స్థానిక భాషలో ఇవ్వాలని 2006 నాటి కేంద్ర పర్యావరణ నోటిఫికేషన్ లోనే ఉంది. నది డాబా ఏ స్థానికుల భాషో వాళ్ళే చెప్పాలి. నీ వాక్యాల కింద రెండు ప్రశ్నలు చేర్చు: పైమట్టి ఎన్ని అడుగులు, తీశాక ఎక్కడ పోస్తారు? ఊట మట్టం ఏ నెలలో, ఎవరి బావిలో కొలిచారు?