40 డాలర్ల టామహాక్ చాలదా, 400 పెట్టాల్సిందేనా?

అడవిబాట:
అందరికీ నమస్కారం. మేం షార్లెట్‌లో ఉంటాం. ఈ అక్టోబరులో రెండు కుటుంబాలం పిల్లలతో కలిసి స్మోకీ మౌంటెన్స్‌లో టెంట్లు వేసుకుందామని అనుకుంటున్నాం. చలిమంటకి పుల్లలు చీల్చడానికి, టెంట్ మేకులు దిగ్గొట్టడానికి ఒక టామహాక్ (సన్నటి తల ఉండే తేలికపాటి చేతిగొడ్డలి) కొందామని చూస్తే బుర్ర తిరిగిపోతోంది. కోల్డ్ స్టీల్ కంపెనీ ట్రెయిల్ హాక్ లాంటివి 40 డాలర్లకి అటూ ఇటూగా దొరుకుతున్నాయి. ఆర్‌ఎంజే, వింక్లర్ వాళ్ళవేమో 300, 400, ఆపైన. "కట్టెలు కొట్టేదానికి కారు ఈఎంఐ అంత డబ్బా?" అంటోంది మా ఆవిడ. "ఒక్కసారి మంచిది కొంటే జన్మకి మళ్ళీ కొనక్కర్లేదు" అంటాడు మా ఫ్రెండు. మీరేమంటారు?

కొలిమిరాజు:
మీ ఆవిడ మాట వినండి. ట్రెయిల్ హాక్ తల 1055 కార్బన్ స్టీలు, డ్రాప్ ఫోర్జ్ చేసింది, అంటే కాల్చి అచ్చులో దెబ్బ కొట్టి మలిచింది. కార్బన్ సుమారు 0.55 శాతం. అంటే మరీ గట్టిది కాదు, అలాగని పెళుసుగా విరగదు. రాయికి తగిలి అంచు మడతపడితే ఆకురాయితో నాలుగు రుద్దులు రుద్దితే సరి. ఆర్‌ఎంజే, వింక్లర్ వాడే 80సీఆర్‌వీ2 రకం స్టీలులో కార్బన్ 0.8 శాతం దాకా ఉంటుంది, కొద్దిగా క్రోమియం, వెనేడియం కూడా. పదును ఎక్కువసేపు ఆగుతుంది, కాదనను. కానీ ఎండు ఓక్ కొమ్మకి ఆ తేడా ఏం తెలుస్తుంది?

మా ఊళ్ళో కమ్మరి లారీ కమాన్ పట్టీ కొలిమిలో కాల్చి కొట్టిచ్చిన గొడ్డలిని మా నాన్న ఇప్పటికీ వాడుతున్నారు. కామ మాత్రం ఎన్నిసార్లు మార్చారో.

పాతసామాను:
రాజుగారూ, పుల్లలు చీల్చడానికే అయితే టాక్టికల్ (సైనికుల తరహా) టామహాక్ ఊసే ఎందుకు? ఎస్ట్‌వింగ్ కంపెనీ మామూలు చేతిగొడ్డలి చాలు. టాక్టికల్ టామహాక్ పుట్టిందే వేరే పనికి. పీటర్ లగానా 1966లో అమెరికన్ టామహాక్ కంపెనీ పెట్టి, వియత్నాం వెళ్ళే సైనికులకి 4,000 దాకా అమ్మాడు. ఇవాళ్టి నల్లరంగు మోడళ్ళలో చాలావాటికి, వెనక ముల్లు ఉండే ఆ గొడ్డలే మూలం. వీటితో చేయాల్సినవి తలుపు పగలగొట్టడం, తాళం ఊడగొట్టడం, నలిగిన కారు రేకు ఎగదీయడం.

ఎగదీసేటప్పుడు బలమంతా మెడ మీద, అంటే తల పిడిని కలిసే చోట పడుతుంది. ఆర్‌ఎంజే ష్రైక్ మోడల్‌లో అంచు నుంచి పిడి చివరిదాకా ఒకటే ఉక్కు పలక, దానికి రెండు పక్కలా పట్టు బిగిస్తారు. మెడ దగ్గర అతుకు అనేదే లేదు. మీరు 400 కట్టేది ఆ లేని అతుక్కే.

రాలీ_రమణి:
పాతసామాను గారూ, నేను మా కౌంటీలో వాలంటీర్ ఫైర్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేస్తాను. తలుపు తెరవాలంటే మేం బండిలోంచి దించేది హాలిగన్ బార్ అనే ఎగదీసే ఇనప కడ్డీ, దాన్ని కొట్టడానికి వెనక చదునుగా ఉండే పెద్ద గొడ్డలి. హాలిగన్ దాదాపు 30 అంగుళాలుంటుంది. ఎగదీయడంలో బలం మనిషిది కాదండీ, కడ్డీ పొడుగుది. అందులో సగం పొడుగు ఉండే టామహాక్‌తో ఒక మామూలు స్టీల్ తలుపు ఎగదీయబోతే మన మణికట్టే ముందు అడ్డం తిరుగుతుంది. వీపున బరువు పెరగకూడదనుకునే సైనికుడికి అది తప్పని సర్దుబాటు. క్యాంపుకి వెళ్ళేవాళ్ళకి ఆ అవసరం ఏముంది?

ఇంకోటి, వెనక ముల్లున్నది అసలు వద్దు. గొడ్డలి ఎత్తినప్పుడు ఆ ముల్లు మీ నుదుటి వైపే తిరిగి ఉంటుంది. చుట్టూ పిల్లలు కూడా ఉంటారంటున్నారు.

మీసాల_మామ:
రమణి గారి మాటకి ఓటేస్తా గానీ, చవకవన్నీ ఒకటి కాదు. నా దగ్గరున్న చవక రకం పేరు చెప్పను. స్టెయిన్‌లెస్ తల, నైలాన్ పిడి, మధ్యలో రెండు బోల్టులు. దుంగలో తల ఇరుక్కుంటే పిడి పట్టుకుని అటూ ఇటూ ఊపాను, ఎవరైనా చేసేదే. బోల్టు రంధ్రం చుట్టూ నైలాన్ తెల్లబడి సాగిపోయింది. ఇప్పుడు బోల్టు ఎంత బిగించినా తల గడగడలాడుతుంది. ఆ పిడి విడిగా అమ్మరు, పారేయడమే.

కొలిమిరాజు:
మామా, అందుకే చెక్క కామ ఉన్నది కొనమంటాను. ట్రెయిల్ హాక్‌లో కామ పై కొస లావుగా ఉంటుంది. తలని కింది నుంచి ఎక్కిస్తారు కాబట్టి ఊపేకొద్దీ బిగుస్తుందే గానీ ఎగిరిపోదు. వదులైతే తలకిందులుగా పట్టుకుని కామ పై కొసని దుంగ మీద దించితే మళ్ళీ కూర్చుంటుంది. తల పక్కన ఒక చిన్న స్క్రూ ఉంటుంది. చాలామంది దాన్ని తీసేసి, కామని కాస్త చిత్రిక పట్టి నిండుగా ఎక్కిస్తారు. కామ విరిగితే కొత్త హికరీ (ఒక గట్టి కలప) కామ తక్కువకే వస్తుంది.

దారినపోయే_దానయ్య:
అసలు విషయం ఎవరూ చెప్పలేదు. స్మోకీస్‌లోకి ఇంటి నుంచి కట్టెలు పట్టుకెళ్ళనివ్వరు. 2015 నుంచి హీట్ ట్రీట్ చేసి (పురుగు చచ్చేలా వేడి చేసి) సర్టిఫికెట్ ఉన్న కట్టెలకే అనుమతి. ఎమరాల్డ్ యాష్ బోరర్ లాంటి తొలుచు పురుగులు కట్టెలతో పాటు అడవిలోకి చేరుతున్నాయని ఆ రూలు పెట్టారు. పార్కులో రాలి పడి ఎండిన కొమ్మలు ఏరుకోవచ్చు, నిలబడి ఉన్న చెట్టు మీద దెబ్బ వేయకూడదు. కొనే కట్టలు ముందే చీల్చి ఉంటాయి. కాబట్టి మీకు మిగిలేది అంటించడానికి సన్న పుల్లలు చేసుకోవడం. దానికా 400?

పాతసామాను:
సరే, పని లెక్కలో మీరే గెలిచారు. కానీ వస్తువుని పని లెక్కలోనే కొంటామా? ఆర్‌ఎంజేది చేతిలోకి తీసుకుంటే అంచు ఒక్క తీరున నున్నగా, తొడుగులోంచి తీస్తే టక్కుమని వచ్చేట్టు ఉంటుంది. నా దగ్గరున్న రెండూ వాడింది తక్కువే, అమ్మే ఆలోచన మాత్రం లేదు.

మధ్యేమార్గం కావాలంటే చెప్తా వినండి. టెన్నెసీలోని చట్టనూగాలో ఆర్‌ఎంజే పెట్టిన రయన్ జాన్సనే సీఆర్‌కేటీ అనే ఇంకో కంపెనీకి వుడ్స్ చోగన్ అనే టామహాక్ డిజైన్ చేశాడు. 1055 స్టీలు, హికరీ కామ. ధర ఆర్‌ఎంజేలో చిన్న వంతు.

వరంగల్_వాసి:
అన్నా, డిసెంబర్‌ల ఇంటికి వస్తున్నవ్ గదా, నాకోటి ముల్లున్నది తెస్తవా?

పాతసామాను:
తమ్మీ, నా వల్ల కాదు. ఇండియాలో ఆయుధ చట్టం కింద 2016లో వచ్చిన నిబంధనల్లో ఖడ్గాలు, బల్లేలతో పాటు యుద్ధపు గొడ్డళ్ళు కూడా ఉన్నాయి. 9 అంగుళాలు మించిన పొడవో, 2 అంగుళాలు మించిన వెడల్పో ఉన్న అలగుల గురించి ఆ రూలు. ఇంటి పనికి, వ్యవసాయానికి తయారైనవాటికి మినహాయింపు ఉంది. వెనక ముల్లున్న నల్లటి టాక్టికల్ గొడ్డలిని సూట్‌కేసులోంచి తీసి, ఇది పొలం సామానని శంషాబాద్‌లో కస్టమ్స్ వాళ్ళకి చెప్పే ధైర్యం నాకు లేదు. ఆ టెన్షన్ ఎందుకు, మీ ఊరి కమ్మరి దగ్గరికి పో.

అడవిబాట:
అందరికీ థాంక్స్. ట్రెయిల్ హాక్ ఆర్డర్ పెట్టేశాను. మిగిలిన డబ్బుతో పిల్లలకి మంచి స్లీపింగ్ బ్యాగులు తీసుకుంటున్నాం. పాతసామాను గారూ, ఎప్పుడైనా షార్లెట్ వైపు వస్తే మీది ఒకసారి పట్టుకుని చూస్తాను, కొనను.

రాలీ_రమణి:
అడవిబాట గారూ, ట్రెయిల్ హాక్‌కి తొడుగు డబ్బాలో రాదు, వేరే కొనాలి. అది కూడా ఈరోజే ఆర్డర్ పెట్టండి. ఈలోపు గొడ్డలి వచ్చేస్తే మందపాటి అట్టముక్క మడిచి అంచుకి టేపు చుట్టండి, అంచు మూయకుండా డిక్కీలో పడేయకండి.