‘ఉమ్మడి’ అంటే పోయినదేనా?

గ్రూపులో అందరికీ నమస్కారం. ఒక అనువాదం దగ్గర నాలుగు రోజులుగా ఇరుక్కుపోయాను. నయా ఉదారవాదం, అంటే అన్నీ మార్కెట్‌కే వదిలేయాలనే సిద్ధాంతం. దాని తర్వాత ఎలాంటి ఆర్థిక వ్యవస్థ కావాలి అన్నది వ్యాసం. అన్నీ ప్రైవేటుకు రాసిచ్చేయడం వద్దు, అలాగని అన్నీ సర్కారు చేతిలోనూ వద్దు. నీళ్లు, అడవి, మేత, విత్తనాలు, ఇప్పుడైతే డేటా కూడా, వాడుకునేవాళ్లే కట్టుబాట్లు పెట్టుకుని చూసుకోవాలి అని వాదన. దానికి వాడిన మాట ‘కామన్స్’. పేజీకి పదిసార్లు వస్తోంది.

(‘నయా ఉదారవాదం’తోనే నాకు పేచీ ఉంది. మా నాన్నకు చదివి వినిపిస్తే “కరెంటు చార్జీలు పెంచేవాడు ఉదారుడెట్లా అయ్యాడ్రా?” అన్నారు. అది ఇంకో రోజు మాట్లాడుకుందాం.)

రెవెన్యూ వాళ్ల మాట ఒకటుంది, పోరంబోకు. తమిళం నుంచి వచ్చింది. ‘పుఱం’ అంటే బయట. శిస్తు లెక్కకు బయట పడ్డ భూమి అన్నమాట. మేత పోరంబోకు, చెరువు పోరంబోకు, వాగు పోరంబోకు. శిస్తు రాదు కాబట్టి సర్కారుకు దండగ, ఊరికి మాత్రం గొడ్లు మేసేదీ, పుల్లలు ఏరుకునేదీ అక్కడే. సర్కారు చూపే గెలిచినట్టుంది, మాట తిట్టయి కూర్చుంది. ‘పోరంబోకు ఆర్థిక వ్యవస్థ’ అని రాసి పంపితే ఎడిటర్ నన్నే ఆ పేరుతో పిలుస్తాడు.

ఇక మిగిలింది ‘ఉమ్మడి’. మంచి మాటే. కానీ మొన్న పేపర్లో “ఉమ్మడి వరంగల్ జిల్లాలో వర్షాలు” అన్న వార్త చూసి ఆగిపోయాను. ఉమ్మడి వరంగల్ అంటే 2016కి ముందుది. ఉమ్మడి రాష్ట్రం అంటే 2014కి ముందుది. ఉమ్మడి కుటుంబం సంగతి చెప్పక్కర్లేదు. చూస్తూ చూస్తూ ఈ మాటకు ‘ఇప్పుడు లేనిది’ అనే అర్థం పట్టేసింది. రేపు రావాల్సినదానికి ఈ పేరెలా పెట్టను?

పైగా సామెత: ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందట. 1968లో గారెట్ హార్డిన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త పెద్ద వ్యాసం రాసి చెప్పింది ఇంచుమించు ఇదే. పచ్చిక అందరిదీ అయితే ఎవడికి వాడు ఇంకో గొడ్డును తోలతాడు, చివరికి గడ్డిపోచ మిగలదు అని. దీనికి జవాబు చెప్పింది ఎలినార్ ఆస్ట్రమ్. స్విట్జర్లాండ్‌లో టోర్బెల్ అనే కొండ ఊళ్లో 1517 నాటి కట్టుబాటు ఒకటుంది: చలికాలమంతా ఎన్ని ఆవుల్ని సొంతంగా మేపగలవో, వేసవిలో అన్నిటినే ఊరి పచ్చికకు తోలాలి. పచ్చిక శతాబ్దాలు నిలిచింది. ఇలాంటివి దేశదేశాల నుంచి పోగేసి చూపించినందుకే ఆమెకు 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆ బహుమతి అందుకున్న మొదటి మహిళ ఆమే. గొర్రె చచ్చింది ఉమ్మడిది అయినందుకు కాదు, మేపే వంతు ఎవరిదో తేల్చుకోనందుకు.

మీరేమంటారు?

కర్నూలు సభ్యుడు: అన్నా, స్విట్జర్లాండ్ దాకా ఎందుకు? రాబర్ట్ వేడ్ అనే ఆయన మా జిల్లా కాలువ కింది ఊళ్లలో తిరిగి 1988లో పుస్తకమే వేసినాడు. ఊరు తరఫున పొలాలకు నీళ్లు పారించే నీరుగంటిని పెట్టుకోవడం, చేలకు కాపలా, కోతలయినాక పొలాల్లో మేపుకునే హక్కు గొర్రెలవాళ్లకు అమ్మి ఆ డబ్బు ఊరి నిధిలో వేయడం, అన్నీ రాసినాడు. నీళ్లకు కటకట ఉండే చివరి ఊళ్లలోనే ఈ ఏర్పాట్లు గట్టిగా ఉన్నాయంట. ఆస్ట్రమ్ కూడా ఆ పని చదివింది.

సిద్దిపేట సభ్యుడు: మా దిక్కు నీరటి అంటరు. మేత భూమి బంచరాయి, చెరువులోపలి భూమి శిఖం. ఒక్క మాట గమనించుండ్రి. 1997ల వచ్చిన సాగునీటి చట్టంతోని పెట్టిన రైతుల సంఘాల పేరేంది? నీటి వినియోగదారుల సంఘం. అప్పటిదాంక ఆయకట్టు రైతు, అటెన్క వినియోగదారుడు, సబ్బు కొన్నట్టు! మీరనే నయా ఏదో, మా ఊర్లెకు గా మాటతోనే వచ్చింది.

ఒక సభ్యురాలు: అందరూ చెరువును తలుచుకుని మురిసిపోతున్నారు. ఆ చెరువులో ఏ రేవులో ఎవరిని దిగనిచ్చారు? 1985లో కారంచేడులో గొడవ మొదలైందే మంచినీళ్ల చెరువు దగ్గర. గేదెలను కడిగి నీళ్లు పాడు చేయొద్దన్నందుకు. ఆరుగురు దళితుల్ని చంపేశారు. ‘ఉమ్మడి’ అన్నప్పుడు ఎవరెవరికి ఉమ్మడి అని మీ వ్యాసంలో ఎక్కడైనా ఉందా?

నేను: లేదు మేడం. ఇప్పుడే మళ్లీ చూశాను, ‘సముదాయం’ అని ఒక్క మాటతో దాటేశారు. కర్నూలు ఊళ్లలో కూడా పెత్తనం ఎక్కువగా పెద్ద భూములవాళ్లదేనని వేడే రాశారు. నేను ‘ఉమ్మడి వనరులు’ అనే ఉంచుతాను. మొదటిసారి మాట వచ్చినచోట ఫుట్‌నోట్‌లో మీ ప్రశ్న వేస్తాను, పేరు లేకుండా.

ఒక సభ్యురాలు: ఫుట్‌నోట్ ఎవరు చదువుతారండీ? అనువాదకుడి మాట అని పైన రాయండి.