జిరాఫీ దగ్గర క్యాలెండర్ ఉందా? (జంతువు చెప్పే చారిత్రక కథ, పిల్లల కోసం)

కాగితంపడవ:
అందరికీ హాయ్. ఎనిమిది నుంచి పదేళ్ల పిల్లల కోసం ఒక కథ మొదలెట్టి మూడో చాప్టర్ దగ్గర ఇరుక్కుపోయా. 1826లో ఈజిప్టు పాలకుడు మహమ్మద్ అలీ పాషా ఫ్రాన్స్ రాజు పదో చార్లెస్‌కి ఒక జిరాఫీ పిల్లని కానుకగా పంపాడు కదా, ఓడలో మెడ పట్టక పైన డెక్‌కి కన్నం పెట్టి అందులోంచి తల బయటికి వచ్చేలా తీసుకెళ్లారు, ఆ తర్వాతేడు ఫ్రాన్స్‌లోని మార్సే రేవు నుంచి పారిస్ దాకా నడిపించే తీసుకెళ్లారు, దాదాపు 880 కిలోమీటర్లు, 41 రోజులు. ఇంతకంటే మంచి కథ ఎక్కడ దొరుకుతుంది అని ఆ జిరాఫీ చేతే "నేను నేను" అనిపిస్తూ రాస్తున్నా.

మొదటి లైను "అది 1827 మే 20, మేం మార్సే నుంచి బయల్దేరాం" అని రాశా. మా అక్క కూతురికి చదివి వినిపిస్తే అక్కడే ఆపేసి "జిరాఫీ దగ్గర క్యాలెండర్ ఉందా పిన్నీ?" అంది.

నవ్వేశా గానీ అప్పట్నుంచి ఒక్క లైను ముందుకెళ్లలేదు. ఎందుకంటే అసలు కథంతా ఆ కానుక ఎందుకిచ్చారు అన్నదాంట్లోనే ఉంది. గ్రీకుల తిరుగుబాటుని అణచడానికి పాషా సైన్యం వెళ్లింది, ఫ్రాన్స్‌లో జనమేమో గ్రీకుల వైపు, రాజుని మంచి చేసుకోవాలి. ఇది చెప్పకపోతే హిస్టరీ లేదు, చెప్తే జిరాఫీ వార్తలు చదువుతున్నట్టుంది. "నేను" తీసేసి మామూలుగా "జిరాఫీ నడిచింది" అని రాసేయనా?

చిత్తుప్రతి:
తీయకండి. ఆ పాప మీకు ఫ్రీగా ఎడిటింగ్ చేసిపెట్టింది. తేదీ కొట్టేయండి చాలు, దానికి తెలియకపోవడమే మీకు కలిసొచ్చే విషయం.

ఓడ సీన్ తీసుకోండి. అది ఓడ అని దానికి తెలీదు. ఒళ్లంతా చీకట్లో, తల మాత్రం ఎండలో, నాలుక చాపితే గాలి ఉప్పగా ఉంది, కాళ్ల కింద నేల నిలకడగా లేదు. దీంతోనే రెండు పేజీలు వస్తాయి. నడకైతే ఇంకా బాగుంటుంది, జిరాఫీ ఒకవైపు కాళ్లు రెండూ దాదాపు ఒకేసారి వేసి తర్వాత రెండోవైపువి వేస్తుంది, నీళ్లు తాగాలంటే ముందుకాళ్లు బార్లా చాపాలి, అలా చాపి వంగినప్పుడే దానికి భయం, ఊరంతా చుట్టూ మూగి చూస్తుంటే ఎలా ఉంటుంది చెప్పండి. ఇంకోటి, అది మనుషుల్ని చూసేది పైనుంచి. దానికి మనుషులంటే టోపీలూ బట్టతలలూ. పక్కన నడిచిన జొఫ్రువా సెంటిలేర్ ఎంత పెద్ద ప్రొఫెసరైనా, 55 ఏళ్ల మనిషైనా, జిరాఫీకి మాత్రం మెల్లగా నడిచే ఒక టోపీ అంతే!

రాజకీయం సంగతికొస్తే, దారి పొడుగునా అందరూ "రాజు దగ్గరికి, రాజు దగ్గరికి" అంటుంటారు. రాజంటే ఏదో పెద్ద చెట్టనుకోనివ్వండి, అక్కడికెళ్తే ఆకులుంటాయని నడుస్తోందని రాయండి. ఎలాగూ పారిస్ పక్కన సెంక్లూ రాజభవనంలో చార్లెస్ చేతిలోంచి గులాబీ రేకులు తింది కదా, మీరు కల్పించకుండానే ముగింపు కుదిరిపోయింది.

గుడ్లగూబ_22:
చెట్టు ఐడియా బావుంది, కానీ మరీ అంత నిష్ఠ అక్కర్లేదని నా ఫీలింగ్. జంతువు మాట్లాడుతోందంటేనే నమ్మిన పిల్లలు మిగతాది ఎందుకు నమ్మరు? కాకపోతే దానికి ఎలా తెలిసిందో ఒక దారి చూపించాలి. 1939లో వచ్చిన "బెన్ అండ్ మీ" అనే పిల్లల పుస్తకంలో ఎలుక ఏకంగా బెంజమిన్ ఫ్రాంక్లిన్ టోపీలోనే కాపురం పెడుతుంది, ఇంక దానికి తెలియనిదేముంది, జోకు కూడా అదే.

మీ జిరాఫీకి టోపీ లేదు గానీ ఆవులున్నాయి. దానికి పాల కోసం వెంట ఆవుల్ని కూడా నడిపించారు. ఆవులు పుట్టిందగ్గర్నుంచీ మనుషుల మధ్యే, ఎవరేం మాట్లాడుకున్నా చెవిన పడుతుంది. అందులో ఒకదాన్ని కబుర్లపోగుగా పెట్టండి, గ్రీకుల గొడవ అది చెప్తుంది, అదీ సగం తప్పుగా. ఏది తప్పో చదివే పిల్లలే పట్టుకుంటారు, అసలు సంగతి చివరి పేజీలో మీ పేరుతో మీరే రాసేయండి, తేదీలన్నీ అక్కడే.

చిత్తుప్రతి:
ఆవు సూపర్. నా మాట వెనక్కి తీసుకుంటున్నా.

పావురాలగూడు:
ఒక్క హెచ్చరిక అండీ, చరిత్ర కంటే జంతువు దగ్గరే ఎక్కువ తప్పులు చేస్తాం. నేను యుద్ధం మీద ఒక పావురం కథ రాశా, కోట నుంచి ఉత్తరం తీసుకెళ్లి జవాబు పట్టుకుని తిరిగొస్తుంది. చదివినాయన ఒకరు "హోమింగ్ పావురం తన గూటికి మాత్రమే వస్తుందండీ, అటువైపు మనిషే బుట్టలో మోసుకెళ్లాలి" అన్నారు. సిగ్గేసింది, కథంతా విప్పి మళ్లీ కుట్టాల్సొచ్చింది, కాకపోతే ఆ బుట్ట మోయడానికి ఒక కుర్రాడు కావాల్సొచ్చాడు, ఇప్పుడు చదివిన వాళ్లందరికీ వాడే ఇష్టం.

మీ జిరాఫీని కూడా మాటిమాటికీ అరిపించకండి. అవి పెద్దగా సద్దు చేయవు, రాత్రుళ్లు సన్నగా, లోగొంతుతో హమ్మింగ్ చేస్తాయని యూరప్ జూల్లో రికార్డ్ చేసి 2015లో ప్రచురించారు. అతీర్ అని దాని కాపరి ఉన్నాడు కదా, ఆ హమ్మింగ్ ఆయనొక్కడికే వినపడితే?

ఇంతకీ చివరేం చేస్తున్నారు? 1845లో పోయింది పాపం, స్టఫ్ చేసిన దాని శరీరం ఇప్పటికీ ఫ్రాన్స్‌లోనే లా రొషెల్ మ్యూజియంలో ఉంది. "నేను" అని చెప్పేవాళ్ల చావు రాయడం మహా కష్టం, అంతరిక్షంలోకి పంపిన కుక్క లైకా మీద మొదలెట్టిన నా కథ అందుకే అటకెక్కింది. 1957లో ఎగిరిన కొద్ది గంటలకే వేడికి పోయింది ఆ కుక్క, ఆ గంటలు దాని నోటితో పిల్లలకి ఎలా చెప్పిస్తాం, నా వల్ల కాలేదు.

కాగితంపడవ:
థాంక్యూ అందరికీ, నిన్న రాత్రి కూర్చుని తిరగరాశా. చావు జోలికి వెళ్లట్లేదు, గులాబీ రేకులతో ఆపేస్తా. కొత్త మొదలు ఇదీ:

"తలుపు తీశారు. వాన. ఒంటి మీద ఏదో కప్పారు, నూనె వాసన కొట్టింది. కింద బోలెడు టోపీలు. 'ఎక్కడికి?' అన్నాను. 'రాజు దగ్గరికట' అంది ఆవు. 'అంటే?' అన్నాను. ఆవు నెమరేస్తూ కాసేపు ఆలోచించింది. 'చాలా మేత ఉన్నచోటయ్యుంటుంది' అంది."

పొద్దున్నే మా పిల్లకి వినిపించా. ఈసారి క్యాలెండర్ ఊసెత్తలేదు. "ఆవు పేరేంటి పిన్నీ?" అంది. పేరు పెట్టలేదు ఇంకా, ఏదైనా తడితే చెప్పండి.